అడిగి వెళ్లడం, చెప్పి వెళ్లడం

వేసవి సెలవులు ఇవ్వగానే మీలో చాలామంది రైలెక్కి తాతగారి ఊరు వెళ్తారు. ఒకరు జోర్హాట్ నుంచి, ఒకరు జోధ్‌పూర్ నుంచి, ఇంకొకరు అంబాలా కంటోన్మెంటు నుంచి. అక్కడికి పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ చేరతారు. ఈమధ్య డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో కూడా ఒకరిద్దరు దిగుతున్నారు. మొదటిరోజు అందరూ కలిసి మామిడిపళ్లు తింటారు. రెండోరోజుకల్లా పెద్దవాళ్లు పోలికలు మొదలుపెడతారు.

"మా అమ్మాయి ఒక్కతే స్కూలు బస్సెక్కి వెళ్లొస్తుంది. పుస్తకాలు తనే సర్దుకుంటుంది" అంటుంది మీ అమ్మ. "మావాడు గేదెను చెరువుకు తోలుకెళ్లి కడిగి తెస్తాడు. నాకు జ్వరమొస్తే అన్నం వండి చెల్లెలికి తినిపించాడు" అంటుంది పెద్దమ్మ. "మావాడు ఏడాది పిల్లాడప్పటినుంచీ తన గదిలో తనే పడుకుంటున్నాడు" అంటుంది అమెరికా నుంచి వచ్చిన పిన్ని. దానికి నాయనమ్మ, "అయ్యో, చంటిపిల్లాణ్ణి ఒంటరిగా పడుకోబెట్టారా? ఎంత బెంగపెట్టుకున్నాడో!" అంటుంది. పిన్ని గొప్పగా చెప్పుకున్నది నాయనమ్మకు జాలిగా వినబడింది.

ఈ పిల్లల్లో ఎవరు స్వతంత్రులు? కొంచెం దగ్గరగా చూద్దాం. డాలస్ పిల్లాడు గదిలో ఒక్కడే పడుకుంటాడు గానీ కొట్టుకు ఒక్కడే వెళ్లలేడు, ఎందుకంటే అమ్మ కారు తీయకపోతే అందే దూరంలో కొట్టే లేదు. ఊళ్లో పిల్లాడు గేదెను తోలుకెళ్తాడు గానీ, పదో తరగతి తర్వాత ఏం చదవాలో తాను కూడా చెప్పవచ్చని అతనికి తోచనే తోచదు. మీరు సైన్సా కామర్సా అని అమ్మానాన్నలతో గంటసేపు వాదిస్తారు గానీ, ఏడుస్తున్న రెండేళ్ల పిల్లను చేతికిస్తే బిక్కమొహం వేస్తారు. అంటే మనం స్వతంత్రం అని ఒకే పేరుతో పిలుస్తున్నదాంట్లో కనీసం రెండు వేరువేరు సంగతులున్నాయి. పని చేయగలగడం ఒకటి, నిర్ణయం తీసుకోగలగడం మరొకటి. ఒక ఇల్లు మొదటిది నేర్పి రెండోదాన్ని దాచుకోవచ్చు. ఇంకో ఇల్లు దానికి తలకిందులుగా చేయవచ్చు.

తెలుగు ఇళ్లలో ఈ రెండింటి మధ్యా మూడోది ఒకటి ఉంది. అదేమిటో మన మాటల్లోనే దొరుకుతుంది.

"తన కాళ్లమీద తాను నిలబడ్డాడు" అంటే మెచ్చుకోలు. "సొంతంగా చేశాడు" అన్నా మెచ్చుకోలే. కానీ "సొంత పెత్తనం చేస్తున్నాడు", "స్వతంత్రించి మాట్లాడాడు" అంటే చురక. మాట దాదాపు ఒకటే, ముఖకవళిక మారిపోయింది. ఆ చురకలన్నిటికీ మూలమైన ప్రశ్న ప్రతి తెలుగు ఇంట్లోనూ వినబడుతుంది: "ఎవర్ని అడిగి చేశావ్?" దానికి పక్కనే ఇంకోటి కూడా వినబడుతుంది: "ఒక్కమాట చెప్పి వెళ్లొచ్చుగా!" ఈ రెండూ ఒకటే అనుకుని నేను చిన్నప్పుడు ఒక ఏడాదంతా బాధపడ్డాను, మరికొందరిని బాధపెట్టాను.

మా నాన్న రైల్వే ఉద్యోగి. నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్లోనే ఉన్నా, రైల్వే పనులకోసం తరాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ. 1980ల మొదట్లో నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నాన్నకు ఒక చిన్న స్టేషనుకు బదిలీ అయింది. అక్కడ హైస్కూలు లేదు. ఏం చేయాలని రెండు నెలలు ఆలోచించి, చివరికి నన్ను రాజమండ్రిలో మా మేనమామ ఇంట్లో ఉంచారు. మీలో కూడా కొందరు ఇలా నాన్న ఫీల్డు పోస్టింగుకు వెళ్తే బాబాయి దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండి చదువుతున్నారు. వాళ్లకోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

వెళ్లేముందు అమ్మ నాకు ఒకటికి పదిసార్లు చెప్పింది: అత్తయ్యకు పని పెట్టకు, నీ పని నువ్వే చేసుకో అని. నేను అక్షరాలా పాటించాను. తిన్న కంచం నేనే కడిగాను. నా బట్టలు నేనే ఉతుక్కుని ఆరేశాను. ఆకలేస్తే డబ్బాలో అటుకులు తీసుకుని తిన్నాను, అడగలేదు. వారం తిరిగేసరికి అత్తయ్య ముఖం మాడిపోయింది. అమ్మకు ఇన్‌ల్యాండ్ లెటరు రాసింది, "వదినా, పిల్లాడు మా ఇంట్లో చుట్టంలా మసులుతున్నాడు. మేము సరిగ్గా చూడటం లేదని అనుకుంటున్నాడో ఏమో" అని. కంచం కడగడంలో ఇంత అర్థముందని నాకేం తెలుసు! మా ఇంట్లో అది బుద్ధిమంతుడి లక్షణం. ఆ ఇంట్లో అది, నేను మీవాణ్ణి కాదు అని చెప్పడం.

అంతకంటే పెద్ద గొడవ సైకిలుతో వచ్చింది. ఖరగ్‌పూర్‌లో నేను బడి నుంచి రాగానే సైకిలెక్కి మాయమయ్యేవాణ్ణి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాణ్ణి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. రాజమండ్రిలో మూడోరోజో నాలుగోరోజో మామయ్య సైకిలు తీసుకుని గోదావరి గట్టుకు వెళ్లాను. రైలు పిల్లాణ్ణి కదా, వంతెనలు చూడాలని. అప్పటికి అక్కడ రెండు రైలు వంతెనలు ఉన్నాయి. ఒకటి 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన. రెండోది 1974 నుంచి నడుస్తున్న రోడ్డు కమ్ రైలు వంతెన. ఒకదాని మీద వెళ్లే బండినీ ఇంకోదాని మీద వెళ్లే బండినీ లెక్కపెడుతూ కూర్చుంటే చీకటి పడింది. ఇంటికి వచ్చేసరికి వీధంతా బయట ఉంది. నేను బెంగపెట్టుకుని ఖరగ్‌పూర్ వెళ్లిపోయాననుకుని మామయ్య స్టేషనుకు పరిగెత్తాడు. తిరిగొచ్చి, ఆయాసపడుతూ, "ఎవర్ని అడిగి వెళ్లావురా?" అన్నాడు. అత్తయ్య వెనకనుంచి, "చెప్పి వెళ్లాలి కదా నాన్నా" అంది. నా చెవికి మామయ్య మాటే ఎక్కింది. అమ్మానాన్నలే నన్ను ఎన్నడూ అడగమనలేదు, వీళ్లెవరు అనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే నేను గమనించనివి రెండు కనబడుతున్నాయి. ఖరగ్‌పూర్‌లో నాకున్న స్వేచ్ఛ నాది కాదు, కాలనీది. ఆ కాలనీలో ప్రతి మలుపులోనూ నాన్నను ఎరిగినవాళ్లు ఉండేవారు. నేను ఎక్కడ పడినా పావుగంటలో ఇంటికి కబురందేది. గేటూ గోడా ఉన్న చోట పిల్లల్ని వదిలిపెట్టడం సులువు. కంటోన్మెంటులో, స్టీలు టౌన్‌షిప్‌లో, ఎయిర్‌ఫోర్సు స్టేషనులో పెరుగుతున్న మీ స్వేచ్ఛ కూడా కొంత అలాంటిదే. బయటి ఊళ్లో అడుగుపెట్టినప్పుడు అది వెంట రాదు. ఇక రెండోది, నేను మామయ్యకు కన్నకొడుకును కాను, అప్పగించిన పిల్లాణ్ణి. సొంత కొడుకు చీకటిపడి వస్తే నాలుగు తిట్టి అన్నం పెడతారు. అక్క కొడుకు రాకపోతే అక్కకు ఏం జవాబు చెప్పాలి? బంధువుల ఇంట్లో పిల్లలకు కట్టుబాట్లు ఎక్కువ కావడానికి చాలాసార్లు ప్రేమ తక్కువ కావడం కారణం కాదు, జవాబుదారీ రెట్టింపు కావడం కారణం. ఇది తెలియక ఎన్నో ఇళ్లలో పిల్లలు, "మా పిన్ని వాళ్ల పిల్లల్ని ఒకలా, నన్ను ఒకలా చూస్తోంది" అని మనసు కష్టపెట్టుకుంటారు. కొన్ని ఇళ్లలో నిజంగానే అలా చూస్తారు, అది వేరే సంగతి. కాదనను.

ఇళ్లు పిల్లల్ని ఇలా వేరువేరుగా ఎందుకు తీర్చిదిద్దుతాయో చాలాకాలం కూర్చుని చూసినవాళ్లున్నారు. అందులో ఒక అధ్యయనం మీకు ప్రత్యేకంగా నచ్చుతుంది, ఎందుకంటే అందులో సగం ప్రభుత్వ క్వార్టర్ల పిల్లలే. సూసన్ సీమోర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1960ల మధ్యలో భువనేశ్వర్ వచ్చారు. ఆ ఊరు అప్పటికి రెండు ఊళ్లు. లింగరాజ ఆలయం చుట్టూ పాత పట్నం. 1948లో పునాది వేసి కట్టిన కొత్త రాజధాని ఇంకొకటి, అందులో ఉండేది చాలావరకు బదిలీ మీద వచ్చిన ప్రభుత్వోద్యోగులు. ఆమె రెండుచోట్లా ఇళ్లలో కూర్చుని, ఎవరు బిడ్డకు స్నానం చేయిస్తున్నారు, ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటున్నారు, ఎంతసేపటికి ఎత్తుకుంటున్నారు అని రాసుకున్నారు. తర్వాతి సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వచ్చి ఆ పిల్లలు పెద్దవాళ్లు కావడం చూశారు. 1999లో పుస్తకం వెలువరించారు.

పాత పట్నపు ఉమ్మడి ఇళ్లలో బిడ్డ ఒక్క అమ్మ బిడ్డ కాదు. నాయనమ్మ, పెద్దమ్మ, అక్క, ఎవరి చేయి ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తుకుంటారు. కానీ ఏడవగానే ఎవరూ పరిగెత్తుకు రారు. బిడ్డ అడగాలి, పట్టుబట్టాలి, ఆగాలి. నేను చాలామందిలో ఒకణ్ణి అన్న సంగతి పిల్లలకు మాటల్లో కాకుండా ఈ ఆగడంలో తెలిసేది. కొత్త రాజధాని క్వార్టర్లలో అమ్మ ఒక్కతే, బిడ్డ మీదే ఆమె దృష్టి. పలకరించి, ప్రశ్నలడిగి, బడికి సిద్ధం చేసేది. అక్కడి పిల్లలకు నేను, నా మార్కులు, నా ఇష్టం అనే మాటలు తొందరగా వచ్చేవి. ఆ ఇళ్లూ ఒడియా ఇళ్లే, పండుగలూ అవే. క్వార్టరు గోడలు మారితే పెంపకం మారింది.

చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ ష్వేడర్ కూడా ఈ భువనేశ్వర్‌కే వచ్చి, పడక గదుల గురించి అడిగారు. దాన్ని మీరూ ఆడి చూడండి. అమ్మ, నాన్న, అయిదుగురు పిల్లలు ఉన్న ఇల్లు. పిల్లల్లో కొందరు అబ్బాయిలు, కొందరు అమ్మాయిలు. ఒకరిద్దరు పదిహేనేళ్లకు అటూఇటూ, అందరికన్నా చిన్నది పాప. ఇంట్లో రెండే గదులుంటే ఎవరు ఎక్కడ పడుకోవాలి? మూడు గదులుంటే? నాలుగుంటే? కాగితం మీద వేసి, పక్కవాడితో పోల్చండి. ఒడిశా పెద్దలు చిన్న పాపను ఒంటరిగా ఉంచడానికి ఒప్పుకోలేదు. వయసొచ్చిన ఆడపిల్లనూ మగపిల్లలనూ వేరుగా ఉంచారు. ఇవి కుదిరితే చాలు, అమ్మానాన్నలకు ప్రత్యేకంగా గది ఉండాలన్న పట్టుదల వాళ్లకు లేదు. చికాగో పెద్దలకు మాత్రం అమ్మానాన్నల గది వాళ్లదే కావడం తప్పనిసరి. ఇద్దరూ పిల్లల మేలే కోరారు. ఒకరికి మేలంటే పసిదాన్ని ఒంటరిని చేయకపోవడం. ఇంకొకరికి మేలంటే ఒంటరిగా ఉండటం అలవాటు చేయడం. మన నాయనమ్మకూ డాలస్ పిన్నికీ వచ్చిన తేడా ఇక్కడిదే.

అలాగని, భారతదేశమంటే ఆధారపడటం, విదేశమంటే స్వతంత్రం అని రెండు డబ్బాల్లో సర్దేయకండి. ఉపన్యాసాల్లో అలా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆరు దేశాల్లో ఆరు చోట్ల పిల్లల్ని ఒకే పద్ధతిలో గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. బియాట్రిస్ వైటింగ్, జాన్ వైటింగ్ దంపతులు దాన్ని నడిపించారు. మన దేశం నుంచి ఉత్తరప్రదేశ్‌లో ఖాలాపూర్ గ్రామపు రాజపుత్ర కుటుంబాలు అందులో ఉన్నాయి. కెన్యాలోని ఒక ఊరి పిల్లలు చెల్లెళ్లను ఎత్తుకుని, పశువులను కాచి, ఇతరులకు సాయం చేయడంలో ముందున్నారు. ఖాలాపూర్ పిల్లలు ఆ వైపు లేరు. పెద్దల దృష్టి కోరుకోవడంలో, తోటివాళ్ల మీద అధికారం చేయడంలో వాళ్లు అమెరికా పిల్లలకే దగ్గరగా కనిపించారు. ఏ దేశం అన్నదానికన్నా, ఆ ఇంట్లో పిల్లలకు నిజంగా అవసరమైన పని ఏదైనా ఇస్తున్నారా అన్నది ఎక్కువ పనిచేసింది. గేదెను కడిగే మీ అన్నకూ, బ్యాగు సర్దుకునే మీకూ తేడా ఇదే. మీ బ్యాగు సర్దుకోకపోతే నష్టం మీకే. గేదె పాలివ్వకపోతే ఇల్లంతటికీ.

మన దేశంలోనే ఎంత వైవిధ్యముందో మీలో షిల్లాంగ్ పోస్టింగు చూసినవాళ్లకు తెలుసు. మేఘాలయలోని ఖాసీలలో వంశం తల్లి వైపు నడుస్తుంది. ఇల్లు కడగొట్టు కూతురికి దక్కుతుంది. ఆమెను ఖద్దుహ్ అంటారు. వినగానే ఆమె అదృష్టవంతురాలు అనిపిస్తుంది. కానీ ఇంటితోపాటు ముసలి తల్లిదండ్రులు, పెళ్లికాని అన్నలు, పూజలు, కర్మలు అన్నీ ఆమెవే. అక్కలు పెళ్లయి వేరే ఇళ్లు కట్టుకుంటారు. ఇల్లు దక్కినదే ఇల్లు వదలలేదు. నాగాలాండ్‌లో పాతకాలంలో ఊరి మగపిల్లలు కొంత వయసు రాగానే రాత్రుళ్లు ఇంట్లో కాక మొరుంగ్ అనే ఉమ్మడి పెద్దకొట్టంలో పడుకునేవారు. ఊరి కథలు, పాటలు, కాపలా, బుట్టల అల్లిక అక్కడ పై వయసు పిల్లల దగ్గర నేర్చేవారు. తండ్రి నీడ నుంచి బయటపడ్డారు గానీ, పై వయసువాళ్ల మాట జవదాటే వీల్లేదు. కేరళలో మరుమక్కత్తాయం పాటించిన నాయర్ల తరవాడుల్లో పిల్లల చదువు, ఖర్చు నిర్ణయించేది తండ్రి కాదు, ఇంటి పెద్ద మేనమామ. ఆయన్ను కారణవర్ అనేవారు. తమ వాటా పంచుకునే హక్కుకోసం మేనల్లుళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 1975లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది.

మన తెలుగు వరసలు చూడండి. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. పెద్దా చిన్నా తేల్చకుండా తోబుట్టువును పిలిచే మాట మన రోజువారీ తెలుగులో లేదు. సోదరుడు సంస్కృతం, సభల్లో పనికొస్తుంది. ఎవరు ముందు పుట్టారో చెప్పకుండా నోరు తెరవలేని భాషలో, ఎవరు ముందు వడ్డించుకోవాలి, ఎవరు ఎవరికి సర్దుకుపోవాలి అన్నది పిలుపుతోనే వచ్చేస్తుంది. పెదనాన్న, చిన్నాన్న ఇద్దరిలోనూ నాన్న ఉన్నాడు. పెద్దమ్మలో అమ్మ ఉంది. వాళ్లకు మిమ్మల్ని కసిరే హక్కు ఆ పేరులోనే ఉంది, వాళ్ల పిల్లలు మీకు అన్నలూ చెల్లెళ్లూ. మేనమామ, మేనత్త పిల్లలైతే బావ, వదిన, మరదలు. అక్కడ వేళాకోళం కూడా చెల్లుతుంది. మీ హిందీ స్నేహితుడికి చాచా కొడుకూ భాయే, మామా కొడుకూ భాయే. మీరు బడి అలవాటుతో అందరినీ కజిన్ అంటే నాయనమ్మ "ఏం వరసవుతాడు?" అని మళ్లీ అడిగేది ఇందుకే. వరస తెలిస్తేనే ఆవిడకు మీ ఇద్దరి మధ్య ఎంత చనువు సరిపోతుందో తెలుస్తుంది.

ఇలా అల్లుకున్న ఇంట్లో సాయం అనే మాటకు కూడా అర్థం మారుతుంది. 1990లో జోన్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి మైసూరులోనూ అమెరికాలోని న్యూ హేవెన్‌లోనూ పిల్లలనూ పెద్దలనూ అడిగి ప్రచురించిన పరిశీలన ఇది. అవతలివాళ్ల అవసరం చిన్నదైనా సాయం చేయకపోవడం తప్పేనా? మైసూరువాళ్లలో ఎక్కువమందికి అది ధర్మం తప్పడమే. న్యూ హేవెన్‌లో, ప్రాణం మీదికి రానంతవరకు, చిన్న అవసరమైతే అది ఎవరిష్టం వాళ్లది. మా అత్తయ్య న్యూ హేవెన్ ఎక్కడుందో ఎరగదు గానీ, నేను కంచం కడుగుతున్నప్పుడు ఆమెకు గుచ్చుకున్నది ఇదే. ఆమె ధర్మాన్ని నేను నా ఇష్టంగా మార్చేశాను.

ఇక చెప్పాల్సిన అసలు సంగతి. ఆ ఇంట్లో మామయ్య కూతురు ఉండేది, నాకంటే ఏడాది చిన్నది. వరసకు మరదలు. పదమూడేళ్లకే పాల లెక్క, చాకలి పద్దు, పచారీ కొట్టు చీటీ అన్నీ ఆమె చేతిమీదుగా నడిచేవి. పని విషయంలో ఆ ఇంట్లో ఆమెను మించిన స్వతంత్రురాలు లేదు. కానీ ఇంటికి నడిచివెళ్లేంత దూరంలో ఉన్న గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాలంటే ఎవరైనా తోడు కావాలి. పుస్తకాలు నేను తెచ్చిపెట్టేవాణ్ణి. సైకిలు గొడవ తర్వాత నేను మొహం మాడ్చుకుని తిరుగుతుంటే ఒకరోజు ఆమె అంది: "నిన్ను చెప్పి వెళ్లమన్నారు, అంతే కదా. నేను అడగాలి. అడిగినా వద్దంటారు. నీకేం బాధ?"

అడిగి వెళ్లడం వేరు, చెప్పి వెళ్లడం వేరు అని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. అడిగితే నిర్ణయం అవతలివాళ్లది. చెబితే నిర్ణయం నీదే, కానీ నువ్వెక్కడున్నావో తెలుసుకునే హక్కు వాళ్లది. తెలుగు ఇంట్లో పెద్దవాడు కావడమంటే మొదటిదాని నుంచి రెండోదానికి చేరడం. ఎంత పెద్దయినా రెండోది పోదు. అరవైయేళ్ల మామయ్య కూడా గుమ్మం దాటుతూ "వెళ్లొస్తా" అనేవాడు. వెళ్తాను అని మనం అనం, తిరిగొచ్చే మాట కూడా కలిపే చెబుతాం. టర్కీ మనస్తత్వవేత్త చీదెమ్ కాయిత్‌చిబాషి జీవితమంతా వాదించింది దాదాపు ఇదే: తన నిర్ణయం తాను తీసుకోవడం ఒక గీత, తనవాళ్లకు దగ్గరగా ఉండటం వేరే గీత, ఒకటి పెరిగితే ఇంకోటి తరగాలని లేదు అని. మీ ఫోన్లలో లొకేషను షేరు చేయడం దీనికి సరిపోతుందా అని అడిగారు మా క్లాసులో ఒకరు. నా ఉద్దేశంలో సరిపోదు. చుక్క కదలడం అమ్మకు కనబడుతుంది, నువ్వు చెప్పినట్టు కాదు.

ఆడపిల్లలకు ఈ ప్రయాణం ఎక్కువ ఇళ్లలో మధ్యలో ఆగిపోతుంది. "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని మనవాళ్లొక మాట అంటుంటారు. మాటలతో ఆటే తప్ప ఆ పదం పుట్టుక అది కాదు. అయినా ఎన్నో నిర్ణయాలు ఆ ఆట మీదే నడిచాయి. పని అంతా నేర్పి, నిర్ణయం మాత్రం తండ్రి చేతినుంచి భర్త చేతికి అప్పగిస్తారు. చట్టం కొంత కదిలింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్ట సవరణ చేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇళ్లు చట్టమంత వేగంగా కదలవు.

మగపిల్లలు పూర్తిగా దాటేశారని కూడా కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి కాగానే పదిహేనేళ్ల పిల్లల్ని వేలమందిని ఇంటర్మీడియట్ హాస్టళ్లకు పంపిస్తున్నారు. అమ్మను వదిలి ఉంటున్నారు కాబట్టి స్వతంత్రులయ్యారని చుట్టాలు అంటారు. తెల్లవారకముందు గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే చదివి, ఆదివారం వరసలో నిలబడి ఇంటికి ఫోను చేసే పిల్లాడు ఏం నిర్ణయించుకున్నాడు? గ్రూపు కూడా నాన్నే రాశాడు. ఇంటికి దూరం కావడం వేరు, సొంతంగా బతకడం వేరు.

మా మరదలి సంగతి చెప్పి ఆపేస్తాను. ఆమె పదో తరగతి పాసైన వేసవిలో ఇంట్లో అందరూ ఆమెను ఏ గ్రూపులో చేర్చాలా, అసలు చేర్చాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. ఆమె దరఖాస్తు కాగితం తానే తెప్పించుకుని, ఎంపీసీ అని తానే నింపి, మా తాతయ్య ముందు పెట్టింది. "తాతయ్యా, లెక్కల గ్రూపులో చేరుతున్నాను" అంది. చేరమంటావా అనలేదు. మామయ్య తల తిప్పుకున్నాడు. అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. తాతయ్య కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివి, "కాలేజీ ఎన్నింటికి వదులుతారు?" అని అడిగాడు. నాలుగున్నరకు అంది. "అయితే అయిదుకల్లా వస్తావు" అన్నాడు. అంతే. రెండేళ్లపాటు రోజూ అయిదింటికి తాతయ్య అరుగు మీద కూర్చునేవాడు.

ఈ సెలవుల్లో మీరు చేయాల్సిన పని: ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో మీరు అడిగి చేసేవి, చెప్పి చేసేవి, అడగకుండా చెప్పకుండా చేసేవి వేరువేరుగా రాయండి. మీ ఈడు బంధువులు ముగ్గురి చేత కూడా రాయించండి. అందులో ఒకరు ఊళ్లో పెరిగినవాళ్లు, ఒకరు మీరు అబ్బాయైతే అమ్మాయి, అమ్మాయైతే అబ్బాయి అయి ఉండాలి. తర్వాత నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, మీ వయసులో ఆవిడ కాగితం ఎలా ఉండేదో అడిగి మీరే రాసుకోండి. ఆవిడ "మాకు కాగితమేమిటి, నోరెత్తితేనా!" అని నవ్వేస్తే వదిలేయకండి. గట్టిగా అడిగితే, ఎవరికీ అడగకుండా చెప్పకుండా చేసినవి ఆవిడకూ రెండుమూడు ఉంటాయి. బడి తెరిచాక ఆ కాగితాలు తెలుగు క్లాసుకు తీసుకురండి.